సెటిల్ చేసుకున్నా సార్, ఇక ప్రాబ్లం లేదు కదా?

మొన్న ఖమ్మం నుంచి ఒకబ్బాయి ఫోన్ చేశాడు. ప్రైవేటు బ్యాంకులో ఆఫర్ వచ్చింది, జాయినింగ్‌కి ముందు సిబిల్, అంటే అప్పులు ఎలా కట్టామో చెప్పే క్రెడిట్ రిపోర్టు, చూస్తామన్నారట. "పాత క్రెడిట్ కార్డు బాకీ సెటిల్ చేసేసుకున్నా సార్, ఇక ప్రాబ్లం లేదు కదా?" అన్నాడు. హైదరాబాద్‌లో పదకొండేళ్లుగా బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ పనిలోనే, అంటే ఉద్యోగంలో చేరేవాళ్ల వివరాలు సరిచూసే పనిలోనే ఉన్నాను. నెలకు నాలుగుసార్లైనా ఈ మాట వింటాను, విన్నప్పుడల్లా ప్రాణం ఉసూరుమంటుంది.

అపోహ: సెటిల్‌మెంట్ చేసుకుంటే లోన్ క్లోజ్ అయినట్టే.

వాస్తవం: కానే కాదు. 60 వేల బాకీకి 25 వేలు కట్టించుకుని వదిలేశారంటే, మిగతా 35 వేలు బ్యాంకుకు నష్టమే. రిపోర్టులో ఆ ఖాతాకు 'సెటిల్డ్' అని పడుతుంది, 'క్లోజ్డ్' అని పడదు. పూర్తిగా కట్టలేదని చూసేవాళ్లకు ఇట్టే తెలిసిపోతుంది. రికవరీ ఏజెంట్ ఈ ముక్క చెప్పడు, అతనికి కావలసింది ఆ 25 వేలే. మిగతాది కట్టి, ఇక బాకీ లేదని బ్యాంకు ఇచ్చే నో డ్యూస్ లెటర్ తీసుకోమని, ఖాతాను క్లోజ్డ్‌గా మార్చమని బ్యాంకుకు రాసివ్వమని ఆ అబ్బాయికి చెప్పాను. 2025 జనవరి నుంచి బ్యాంకులు కనీసం పదిహేను రోజులకోసారి సిబిల్ లాంటి క్రెడిట్ బ్యూరోలకు వివరాలు పంపాలి. రిపోర్టులో తప్పుందని ఫిర్యాదు చేస్తే 30 రోజుల్లో తేల్చాలి, దాటితే రోజుకు 100 రూపాయల పరిహారం. ఇవి రిజర్వ్ బ్యాంకు పెట్టిన నిబంధనలే.

అంతా కట్టేసినా కొన్నిచోట్ల పాత డిఫాల్ట్ అడ్డం వస్తుంది. స్టేట్ బ్యాంకు ఒక అభ్యర్థికి ఇచ్చిన ఆఫీసర్ నియామకాన్ని సిబిల్ చూసి రద్దు చేసింది. అప్పులన్నీ తీర్చేశానని అతను మద్రాసు హైకోర్టుకెళ్లాడు. అప్పులు సరిగా కట్టనివాళ్లు అనర్హులన్న షరతు నోటిఫికేషన్‌లోనే ఉందని 2025లో కోర్టు బ్యాంకు మాటే సమర్థించింది. అందుకే అప్లై చేసేముందు నోటిఫికేషన్ చివరిదాకా చదవండి.

సిబిల్‌లో 650 స్కోరు లేకపోతే ఏ బ్యాంకు ఉద్యోగమూ రాదని వాట్సాప్‌లో తిరుగుతోంది. ప్రభుత్వ బ్యాంకుల ఉద్యోగాలకు పరీక్షలు పెట్టే ఐబీపీఎస్ 2024-25 నియామకాల నుంచే ఆ కనీస స్కోరు తీసేసింది. బాకీల సంగతి మాత్రం జాయినింగ్ నాటికి తేల్చుకోవాలి.

వివరాలు చూడటానికి ఒప్పుకుంటూ ఇచ్చే కన్సెంట్ ఫారం మీద సంతకం పెడితే ఫోన్‌పే లెక్కలన్నీ చూసేస్తారని కొందరి భయం. క్రెడిట్ రిపోర్టులో లోన్లు, కార్డులు, ఎలా కట్టారు, ఎవరు ఆరా తీశారు అన్నవే ఉంటాయి. సేవింగ్స్ బ్యాలెన్స్ ఉండదు. సాఫ్ట్‌వేర్ వాళ్లకైతే సిబిల్ కంటే పీఎఫ్ నంబరు యూఏఎన్‌తోనే ఎక్కువ తంటా: ఒకే నెలలో రెండు కంపెనీల పీఎఫ్ పడితే రెండు ఉద్యోగాలు చేస్తున్నారని అక్కడే దొరికిపోతారు.

సొంత రిపోర్టు చూసుకుంటే స్కోరు తగ్గుతుందనేది ఒట్టి మాట. నాలుగు బ్యూరోలూ ఏడాదికొకటి ఉచితంగా ఇవ్వాలి. ఇంత చెప్పే నేనే ఐదేళ్లు నాది చూసుకోలేదు. తీరా చూస్తే, ఎప్పుడో బీరువాలో పడేసిన కార్డు మీద 590 రూపాయల ఫీజు బకాయి! మా ఆవిడ ఇప్పటికీ ఆ విషయం ఎత్తుతుంది.

ఖమ్మం అబ్బాయి నిన్న నో డ్యూస్ లెటర్ ఫోటో పంపాడు. రిపోర్టు ఇంకా మారలేదు, జాయినింగ్‌కి పన్నెండు రోజులుంది. ఆగకుండా ఆ కాపీ ఇవాళే హెచ్‌ఆర్‌కి మెయిల్ చెయ్యమన్నాను.