మోకాలి నొప్పికి మెత్తటి షూ మందు కాదు

ఈ వారం పరుగెత్తేవాళ్లు ముగ్గురు మోకాలి నొప్పితో నా దగ్గరికి వచ్చారు. ముగ్గురి చేతుల్లోనూ కొత్త షూ డబ్బాలే. "మేడమ్, పదహారు వేలు పోసి కొన్నాను, అయినా నొప్పి తగ్గలేదు. తప్పుడు షూ కొన్నానా?" అని అడుగుతుంటే ఒకావిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. తప్పు ఆవిడది కాదు. ఫిజియోథెరపిస్టుగా రోజూ వింటున్న మాటే ఇది, అందుకే రాస్తున్నాను.

అపోహ: సోల్ ఎంత మందంగా, మెత్తగా ఉంటే మోకాలికి అంత మంచిది.

వాస్తవం: అరికాలికి హాయిగా ఉండటం వేరు, మోకాలి మీద భారం తగ్గడం వేరు. పరుగులో ఒక్కో అడుగుకు మన బరువుకు రెండు మూడు రెట్ల బలం కాలి మీద పడుతుంది. కింద మెత్తగా ఉంటే శరీరం కాలిని మరింత బిగించి దించుతుంది. ఫిన్లండ్ పరిశోధకులు 2018లో ప్రచురించిన అధ్యయనంలో మందపాటి షూతో నేల దెబ్బ తగ్గకపోగా పెరిగింది. గంటకు 10 కిలోమీటర్ల వేగంలో కన్నా 14.5 దగ్గర తేడా ఇంకా ఎక్కువ. అందులో పరుగెత్తింది మగవాళ్లే. ఆడవాళ్లలోనేమో పరుగులో తొడ లోపలికి వాలడం సగటున ఎక్కువ, మోకాలి చిప్ప నొప్పీ ఎక్కువే. మగవాళ్ల లెక్కలు తెచ్చి మనకు షూ అమ్మితే ఎలా?

అసలు చూడాల్సింది అడుగు. వేగం పెంచాలనగానే చాలామంది అడుగు సాగదీస్తారు. మడమ ఒంటికి బాగా ముందు పడుతుంది, మోకాలు దాదాపు నిటారుగా ఉండి దెబ్బంతా తీసుకుంటుంది. కేబీఆర్ పార్కు దగ్గర పరుగెత్తే ఒక బ్యాంకు ఉద్యోగిని ట్రెడ్‌మిల్ ఎక్కితే పక్క గదిలోకి వినిపించింది, ధబ్ ధబ్ అని. నిమిషానికి 156 అడుగులు. వేగం మార్చకుండా ఫోన్‌లో మెట్రోనోమ్ (టిక్ టిక్‌మని లయ వినిపించే యాప్) 166కి పెట్టాను. అడుగు పొట్టిదైంది, చప్పుడు సగానికి తగ్గింది. "అంతేనా మేడమ్?" అంది. కాళ్లకున్నది పాత షూనే. ఇలా అడుగుల సంఖ్య 5 నుంచి 10 శాతం పెంచితే మోకాలి మీద భారం తగ్గుతుంది. వారం వారం దూరం, వేగం రెండూ ఒకేసారి పెంచకపోవడం కూడా అంతే ముఖ్యం.

అపోహ: అందరికీ నిమిషానికి 180 అడుగులు పడాల్సిందే.

వాస్తవం: 1984 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో మేటి రన్నర్ల అడుగులు లెక్కపెట్టి కోచ్ జాక్ డేనియల్స్ చెప్పిన మాట అది. నెమ్మదిగా పరుగెత్తే మీకు అది కొలబద్ద కాదు, టెన్షన్ వద్దు.

అపోహ: లేడీస్ షూ అంటే మగవాళ్ల షూకి చిన్న సైజు.

వాస్తవం: పాదం ముందు భాగంతో పోలిస్తే ఆడవాళ్ల మడమ సన్నం. షూలో మడమ జారుతుంటే సైజు తగ్గించకండి, వేరే మోడల్ వేసి చూడండి. హీల్ డ్రాప్ (షూలో మడమ కింద ఎత్తుకీ, వేళ్ల కింద ఎత్తుకీ ఉన్న తేడా) తక్కువున్న షూకి మారితే భారం మోకాలి నుంచి పిక్కకు, మడమ వెనక స్నాయువుకు (అకిలిస్ టెండన్) వెళ్తుంది. అందుకే కొన్ని వారాల పాటు కొంచెం కొంచెంగా మారండి.

మోకాలు వాచినా, మధ్యలో పట్టేసినా, రాత్రి నొప్పికి మెలకువ వచ్చినా ముందు ఎముకల డాక్టర్‌కు చూపించండి. షూ సంగతి ఆ తర్వాత చూద్దాం.