వాడకుండా నిలిపిన బండి: అపోహలు, వాస్తవాలు

కొడుకు ఉద్యోగానికి బెంగళూరుకో అమెరికాకో వెళ్లిపోయాక ఇంటి వసారాలో మిగిలిపోయిన మోటార్ సైకిల్‌ను, ఏడాది తిరగకుండానే ట్రాలీ ఆటోలో వేసుకుని నా మెకానిక్ షెడ్డుకు వచ్చే తండ్రులు దాదాపు అందరూ ఒకే మాట అంటారు: "రోజూ పొద్దున్నే ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి ఉంచుతూనే ఉన్నానండీ, అయినా ఇలా ఎందుకైంది?" బండికి ఎక్కువ నష్టం చేసింది ఆ ఐదు నిమిషాలేనని చెప్పడానికి నాకు మనసొప్పదు గానీ, చెప్పక తప్పదు.

అపోహ: నిలబెట్టి కాసేపు ఆడిస్తే ఇంజిన్ బాగుంటుంది, బ్యాటరీ చార్జ్ అవుతుంది.

వాస్తవం: లీటరు పెట్రోలు మండితే సుమారు లీటరు నీరు ఆవిరిగా పుడుతుంది. బండి పది పదిహేను కిలోమీటర్లు నడిస్తే ఇంజిన్, సైలెన్సర్ బాగా వేడెక్కి ఆ ఆవిరి బయటికి పోతుంది. ఐదు నిమిషాలకే ఆపేస్తే అది చల్లటి సైలెన్సర్‌లో నీరుగా నిలిచి, లోపలి నుంచి తుప్పు పట్టిస్తుంది. కొంత ఆవిరి పిస్టన్ రింగులను దాటి ఇంజిన్ ఆయిల్‌లో కలుస్తుంది. ఆయిల్ మూత విప్పినప్పుడు దాని లోపలివైపు మీగడలా కనిపించే తెల్లటి పొర చాలావరకు అదే. చోక్ వేసి ఆడించినట్లయితే మండని పెట్రోలు కూడా దిగి ఆయిల్‌ను పలచబరుస్తుంది, ప్లగ్గు మసిబారుతుంది.

ఇక బ్యాటరీ సంగతి. 2017 ఏప్రిల్ నుంచి తయారైన బండ్లలో ఇంజిన్ ఆడుతున్నంతసేపూ హెడ్‌లైటు వెలుగుతూనే ఉంటుంది. సెల్ఫ్ నొక్కినప్పుడు పోయిన చార్జి, బండి కదలకుండా ఇంజిన్ నెమ్మదిగా ఆడే ఐడిల్ వేగంలో పుట్టే కొద్దిపాటి కరెంటులో హెడ్‌లైటుకు పోగా మిగిలినదానితో ఐదు నిమిషాల్లో పూడటం కష్టం. ఆ లోటు రోజురోజుకూ పెరుగుతుంది. ఇంజిన్ ఆపి కొన్ని గంటలయ్యాక మీటరు పెడితే 12.4 వోల్టుల కన్నా తక్కువ చూపించే బ్యాటరీని అలాగే వదిలేస్తే, ప్లేట్ల మీద సల్ఫేటు గట్టిపడి, తరువాత చార్జరు పెట్టినా పుంజుకోదు.

మా పేటలో పదవీ విరమణ చేసిన ఒక లెక్కల మాస్టారు, ఏ రోజు ఎంతసేపు స్టార్ట్ చేశారో నోటు పుస్తకంలో రాసి మరీ కొడుకు బండిని కాపాడుకుంటున్నాననుకున్నారు. ఆయన ఎదుటే ఆయిల్ దింపి చూపిస్తే, చాలాసేపు మౌనంగా ఉండి, "అయితే అసలు ముట్టుకోకుండా వదిలేయమంటావా బాబూ?" అని అడిగారు. నడపగలిగితే వారానికో, పది రోజులకో ఒకసారి ఊరి బయటి దాకా నడిపి రండి, నడపలేకపోతే నిజంగానే ముట్టుకోకండి అన్నాను. ముట్టుకోనప్పుడు బ్యాటరీ మైనస్ తీగ విప్పి ఉంచాలి, నెలకొకసారి బయటి చార్జరుతో చార్జ్ చేయాలి, సెంటర్ స్టాండు వేయాలి, పెట్రోలును గాలితో కలిపి ఇంజిన్‌కు పంపే కార్బ్యురేటర్ ఉన్న బండి అయితే ట్యాంకు కింది పెట్రోలు కాక్ మూసి, కార్బ్యురేటర్ గిన్నెలోని పెట్రోలును కింది స్క్రూ తిప్పి వదిలేయాలి. వదలకపోతే అది జిగురుగా మారి, పెట్రోలు పోయే సన్నటి రంధ్రమైన జెట్‌ను మూసేస్తుంది.

ట్యాంకు ఖాళీగా ఉంచితే భద్రమన్నది తప్పు. ఇనుప ట్యాంకులో ఖాళీ ఉన్న మేరకు తేమ చేరి తుప్పు పడుతుంది కనుక నింపి ఉంచడమే మేలు. కాకపోతే ఇథనాల్ కలిసిన పెట్రోలు తేమను పీల్చుకుంటుంది కాబట్టి, మూడు నాలుగు నెలలు దాటితే పాతది తీయించి కొత్తది పోయించాలి. ట్యాంకులో నాఫ్తలిన్ ఉండలు వేయమనే వాట్సాప్ కబురు గురించి మాట్లాడే ఓపిక నాకు లేదు.

కిలోమీటర్లు తిరగలేదు కదా, ఆయిల్ ఎందుకు మార్చాలంటారు. తిరగకపోయినా ఏడాదికొకసారి మార్చాలి. ప్లాస్టిక్ కవరు బిగించి కడితే లోపల చెమ్మ నిలుస్తుంది, సముద్రపు గాలి తగిలే కాకినాడ, విశాఖపట్నం వంటి చోట్ల మరీ ప్రమాదం. గాలి ఆడే గుడ్డ కవరు వాడండి. కార్బ్యురేటర్ బదులు కరెంటు పంపుతో పెట్రోలు అందే ఫ్యూయల్ ఇంజెక్షన్ బండికి బ్యాటరీ పూర్తిగా దిగిపోతే, దాన్ని తోసి స్టార్ట్ చేయాలని చూడకండి, పెట్రోలు పంపుకే కరెంటు లేనప్పుడు ఇంజిన్ అందుకోవడం చాలావరకు జరగదు.

చాలాకాలం తరువాత స్టార్ట్ చేసే ముందు ఎయిర్ ఫిల్టర్ డబ్బా తప్పక తెరిచి చూడండి. అందులో ఎలుకలు పెట్టిన గూళ్లు, సీటు కింద అవి కొరికిన వైర్లు నేను చూస్తూనే ఉంటాను. టైరు పక్కల పగుళ్లు ఉన్నాయేమో గమనించి, గాలి నింపి, చైనుకు ఆయిల్ పెట్టి, ఇంటి ముందే నెమ్మదిగా నడుపుతూ రెండు బ్రేకులూ పట్టుతున్నాయో లేదో చూసుకున్నాకే రోడ్డెక్కండి. ఇన్సూరెన్సు, పొల్యూషన్ సర్టిఫికెట్ల గడువు తీరిందేమో కూడా అంతకు ముందే చూసుకోవాలి.