బిడ్డ నీళ్లలో పడితే ముందు తల్లినే ఎందుకు అడుగుతాం

ఒడిశాలోని గంజాం జిల్లాలో వానలు పట్టాక చెరువులూ గుంతలూ నిండుతాయి. ఆ తర్వాత ఏదో ఒక ఊరి నుంచి చంటిబిడ్డ నీళ్లలో పడిపోయిందన్న కబురు రావడం మామూలైపోయింది. బరంపురం, ఛత్రపూర్, గోపాల్‌పూర్ చుట్టుపక్కల తెలుగు ఇళ్లలో ఆ కబురు వెంటనే ఒక ప్రశ్న పుడుతుంది: “తల్లి ఏటి సేస్తంది?” తండ్రి ఎక్కడున్నాడని అడిగేవాళ్లు తక్కువ. ఇంటి పక్కన ఆ గుంత ఎవరు తవ్వారు, తవ్వి ఎందుకు వదిలేశారు అని అడిగేవాళ్లు ఇంకా తక్కువ. ఫోన్లు వచ్చాక, పోస్ట్‌మార్టం కోసం బిడ్డను ఆస్పత్రికి తీసుకెళ్లేలోపే తల్లి మీద తీర్పు నాలుగు ఊళ్లు తిరిగి వచ్చేస్తోంది.

ఆ ప్రశ్న సహజమైనదని, ఎప్పుడూ ఉన్నదేనని చాలామంది అనుకుంటారు. కానీ పాత రోజుల్లో ఇలాంటి చావును మనవాళ్లు చాలావరకు జలగండం కింద జమకట్టేవారు. పుట్టిన వెంటనే జాతకం రాయించి బాలారిష్టాలు ఉన్నాయేమో చూసేవారు. ఉంటే శాంతి చేయించేవారు, అమ్మవారికి మొక్కుకునేవారు. బరంపురంలో రెండేళ్లకోసారి జరిగే ఠాకురాణీ జాతరలో పిల్లలకు వేషాలు వేయించి తిప్పడం వెనక కూడా ఇలాంటి మొక్కులే ఉన్నాయి. ఈ నమ్మకాన్ని నేను మెచ్చుకోవడం లేదు. గండం పేరు చెప్పి గుంత పూడ్చకుండా వదిలేశారు, కొన్ని ఇళ్లలో కోడలి జాతకమే మంచిది కాదన్నారు. అయినా బిడ్డ పోయిన తల్లిని ఊరంతా నేరస్తురాలిలా నిలబెట్టే పద్ధతి మాత్రం అందులో ఇంతగా లేదు.

మనకు బాగా తెలిసిన కథే ఒకటుంది. భాగవతంలో యశోద ఇంటిపని చేసుకోవడానికి పిల్లవాణ్ణి రోలుకు కట్టేసి లోపలికి వెళ్తుంది. వాడు రోలును ఈడ్చుకుంటూ పోతే రెండు మద్దిచెట్లు కూలిపోతాయి. ఇవాళైతే ఆ తల్లి మీద రెండు తప్పులు మోపేవాళ్లం: కట్టేసినందుకు ఒకటి, చూసుకోనందుకు ఇంకొకటి. వ్రేపల్లె పెద్దలు అలా చేయలేదు. అంతకుముందు పూతన వచ్చింది, బండి తిరగబడింది, సుడిగాలి వచ్చింది, ఇప్పుడు చెట్లు కూలాయి, ఈ చోటు పిల్లలకు మంచిది కాదు అని ఉపనందుడనే పెద్దాయన లెక్కపెట్టి చెబుతాడు. దాంతో పల్లె పల్లెంతా బండ్లు కట్టుకుని బృందావనానికి తరలిపోతుంది. తల్లిని మార్చాలని ఎవరూ అనలేదు, చోటు మార్చుకున్నారు.

రోలుకు కట్టడం కథలోనే కాదు, మన ఇళ్లలోనూ ఉంది. పాకే పిల్లను పాతచీరతో మంచం కోడుకు కట్టి నీళ్లకు వెళ్లిన అమ్మమ్మలు ఈ జిల్లాలో ఇంకా ఉన్నారు. కాళ్లకు మువ్వలు కట్టేది ముచ్చట కోసమే కాదు. వంటింట్లో ఉన్న మనిషికి ఆ చప్పుడు ఎటు పోతోందో తెలియాలి. పొలంలో చెట్టుకొమ్మకు చీర ఉయ్యాల కట్టేవారు. వీటన్నిటికంటే పెద్ద కాపలా ఇంట్లోని పెద్దపిల్ల. ఏడెనిమిదేళ్ల ఆడపిల్ల చంకలో తమ్ముణ్ణో చెల్లెల్నో వేసుకుని పగలంతా తిరిగేది. అందుకే ఆమె బడికి పోలేదు. విద్యాహక్కు చట్టం 2009లో వచ్చి 2010 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. ఆ పిల్ల బడికి వెళ్లింది, వెళ్లాల్సిందే. కానీ ఆమె చంక దిగిన రెండేళ్ల బిడ్డ ఎవరి దగ్గర ఉండాలన్నది ప్రభుత్వం ఆలోచించలేదు, ఊరూ ఆలోచించలేదు. ఆ భారమంతా మాట్లాడకుండా తల్లి మీదికి జరిగింది.

ఇక్కడి తెలుగువాళ్ల బతుకు తెరువు కూడా ఇందులో భాగమే. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం రెండుగా చీలింది. బరంపురం, పర్లాకిమిడి ఒడిశాలోకి వెళ్లాయి, ఇచ్ఛాపురం మద్రాసులోనే మిగిలింది. తీరం వెంబడి తెలుగు మాట్లాడే మత్స్యకారుల పల్లెలు మాత్రం అటూ ఇటూ ఒకే తీరులో ఉంటాయి. మగవాళ్లు చీకటితోనే వేటకు పోతారు. కొందరు నెలల తరబడి వేరే రేవుల్లో పడవల మీద ఉంటారు, ఇంకొందరు సూరత్ మగ్గాలకు వెళ్లిపోయారు. పడవ ఒడ్డుకు చేరాక చేప ఏరేది, బేరం చేసేది, తట్ట నెత్తిన పెట్టుకుని సంతకు పోయేది ఆడవాళ్లు. ఈ పని పొద్దున్నే ఉంటుంది, ఆపడానికి వీల్లేదు. ఎండెక్కితే చేప పాడవుతుంది, ఆ రోజు కూడు పోతుంది. సరిగ్గా అదే వేళకు బిడ్డ నిద్ర లేచి గడప దాటుతుంది. పెద్దబిడ్డ బడిలో ఉంటుంది. ముసలామెకు చూపు ఆనదు. అలాంటి ఇంట్లో “తల్లి ఏటి సేస్తంది” అన్నదానికి జవాబు అందరికీ తెలుసు. ఆమె ఇల్లు నడుపుతోంది.

చట్టం ఏమంటుందో చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. 1860 నాటి శిక్షాస్మృతిలో 317వ సెక్షన్ పన్నెండేళ్ల లోపు బిడ్డను వదిలించుకోవడానికి ఎక్కడో పడేసి పోయే తల్లిదండ్రుల గురించి. ఇప్పుడది భారతీయ న్యాయ సంహితలో 93వ సెక్షన్. పొయ్యి దగ్గర ఉండగా బిడ్డ కంటపడకుండా జారిపోతే ఈ సెక్షన్ వర్తించదు. 2015 నాటి బాలల న్యాయ చట్టంలో 75వ సెక్షన్ ఉంది. బిడ్డ బాధ్యత ఉన్నవాళ్లు హింసించినా, వదిలేసినా, కావాలని నిర్లక్ష్యం చేసినా మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల జరిమానా, లేదా రెండూ. ఇందులో ‘కావాలని’ అన్నదే కీలకం. కన్నవాళ్లు తమ చేతిలో లేని పరిస్థితుల వల్ల బిడ్డను వదిలేస్తే అది కావాలని చేసిందిగా భావించకూడదని అదే సెక్షన్ చెబుతోంది. బిడ్డను వదిలేసిన వాళ్ల విషయంలోనే చట్టం ఇంత ఆగి ఆలోచించింది. రెండు నిమిషాలు కన్ను మరలిన తల్లి విషయంలో మనం అంతమాత్రం ఆగడం లేదు.

టీవీ వచ్చాక ఈ తొందర పెరిగింది. 2006 జులైలో హర్యానాలోని కురుక్షేత్ర జిల్లాలో ఐదేళ్ల పిల్లవాడు పూడ్చని బోరుబావిలో పడ్డాడు. దాదాపు 50 గంటల తర్వాత సైన్యం వాణ్ణి ప్రాణాలతో తీసింది. ఆ రెండు రోజులు దేశమంతా టీవీల ముందు కూర్చుంది. అప్పటి నుంచి బోరుబావి ప్రమాదాలు ప్రత్యక్ష ప్రసారాలయ్యాయి. 2017 జూన్‌లో తెలంగాణలోని చేవెళ్ల దగ్గర పడిన పసిపాప బతకలేదు. 2020 మేలో మెదక్ జిల్లా పాపన్నపేట మండలంలో మూడేళ్ల బాబు కూడా బతకలేదు. ప్రతిసారీ కెమెరా ఏడుస్తున్న తల్లి ముఖం మీద ఆగుతుంది. బోరు తవ్వి పైపు లాక్కుని మూత పెట్టకుండా వెళ్లిన బండి ఎవరిదో ఎవరికీ గుర్తుండదు.

సుప్రీంకోర్టుకు మాత్రం గుర్తుంది. 2010 ఫిబ్రవరిలో మార్గదర్శకాలు ఇచ్చి, ఆగస్టులో వాటిని సవరించింది. బోరు వేసే ముందు భూమి యజమాని 15 రోజుల ముందుగా అధికారులకు తెలపాలి. బోరు వేసే సంస్థ రిజిస్టర్ అయి ఉండాలి. బోరు దగ్గర బోర్డు పెట్టాలి, చుట్టూ ముళ్లకంచె వేయాలి, సిమెంటు గట్టు కట్టాలి, గొట్టానికి ఇనుపరేకు మూత బిగించాలి. వాడకుండా వదిలేసిన బోరును మట్టి, ఇసుక, రాళ్లతో అడుగు నుంచి పైదాకా పూడ్చాలి. ఇవన్నీ జరిగేలా చూసే పని జిల్లా కలెక్టర్‌ది. ఆ జాబితాలో భూమి యజమాని ఉన్నాడు, బోరు సంస్థ ఉంది, సర్పంచ్ ఉన్నాడు, అధికారులు ఉన్నారు. తల్లికి మాత్రం అందులో ఏ పనీ చెప్పలేదు. బిడ్డ అన్నాక తిరుగుతుంది, దాన్ని దృష్టిలో పెట్టుకునే కోర్టు మాట్లాడింది.

ఇది మన ఊళ్ల జబ్బు మాత్రమే అనుకోవడానికి వీల్లేదు. 2016 మే 28న అమెరికాలోని సిన్సినాటి జూలో మూడేళ్ల బాబు కంచె దాటి గొరిల్లా ఉండే చోట పడ్డాడు. బాబును కాపాడటానికి జూ సిబ్బంది 17 ఏళ్ల గొరిల్లాను కాల్చేశారు. ఆ తర్వాత ప్రపంచం నలుమూలల నుంచి తిట్లన్నీ తల్లికే. ఆ కుటుంబం మీద విచారణ జరపాలంటూ నడిచిన పిటిషన్ మీద లక్షల మంది సంతకాలు చేశారు. ఆమె వెంట ఇంకా చిన్నపిల్లలు ఉన్నారు, క్షణం పక్కకు తిరిగింది. జూన్ 6న అక్కడి ప్రాసిక్యూటర్ ఆమె మీద కేసు లేదని ప్రకటించాడు. జూ కంచె ప్రమాణాలకు తగ్గట్టు లేదని ప్రభుత్వ తనిఖీ అధికారులు తర్వాత రాశారు. ఆ సంగతి తిట్టినవాళ్లలో ఎంతమందికి చేరిందో!

మనుషులు ఇలా ఎందుకు చేస్తారని పరిశోధించినవాళ్లు ఉన్నారు. లోకంలో ఎవరికి తగినది వాళ్లకు దక్కుతుందని నమ్మాలన్న కోరిక మనిషిలో గట్టిగా ఉంటుందని 1960లలో మెల్విన్ లెర్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త చూపించాడు. కష్టపడేవాడికి సాయం చేయలేకపోతే, చూసేవాళ్లు అతన్నే తక్కువ చేసి మాట్లాడటం ఆయన ప్రయోగంలో కనబడింది. ఆమె అజాగ్రత్త మనిషి కాబట్టి ఆమె బిడ్డ పోయింది, నేను జాగ్రత్త మనిషిని కాబట్టి నా బిడ్డకేం కాదు అనుకుంటే రాత్రి నిద్ర పడుతుంది. ఈ భయం నాకు అర్థమవుతుంది. చంటిబిడ్డ ఉన్న ఏ ఇంట్లోనైనా ఆ టెన్షన్ ఉంటుంది. కానీ ఆ నిద్ర కోసం ఇంకో ఆడమనిషి జీవితాంతం మోయాల్సిన నింద వేస్తున్నాం.

2016లోనే కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ఇర్విన్ క్యాంపస్ నుంచి ఇంకో అధ్యయనం వచ్చింది. బిడ్డ కాసేపు ఒంటరిగా ఉన్న ఘటనలను చదివించి, ఆ బిడ్డకు ఎంత ప్రమాదమో చెప్పమన్నారు. మారుతున్నది తల్లి వెళ్లిన కారణం మాత్రమే. ఒక కథలో ఆమెకు యాక్సిడెంట్ అయి రాలేకపోతుంది, ఒకదానిలో ఉద్యోగం పని, ఒకదానిలో ప్రియుణ్ణి కలవడానికి పోతుంది. తల్లి వెళ్లిన కారణం నచ్చకపోయే కొద్దీ ప్రమాదం పెద్దదని జనం లెక్కగట్టారు. అంటే ప్రమాదం చూసి తల్లిని తప్పుపట్టడం కాదు, తల్లిని తప్పుపట్టాక ప్రమాదాన్ని పెంచి చూడటం. తండ్రి పని మీద వెళ్తే ఇంత కఠినంగా చూడలేదు కూడా. బరంపురం వీధుల్లో వినే మాటలకూ ఈ అధ్యయనానికీ దూరం ఏమీ లేదు. “సీరియల్ సూస్తంది”, “ఫోను సూస్తంది” అన్న పుకారు కలిస్తే ఊరి కోపం రెట్టింపవుతుంది. గుంత లోతు మాత్రం మారదు.

నిజమైన నిర్లక్ష్యం లేదని కాదు. తాగి పడిపోయి బిడ్డను రోడ్డు మీద వదిలేసేవాళ్లు ఉన్నారు, పదేపదే హెచ్చరించినా చెవిన పెట్టనివాళ్లు ఉన్నారు. వాళ్ల విషయం చూడటానికి బాలల సంక్షేమ కమిటీ ఉంది, పోలీసులు ఉన్నారు. ఒక ఘటనను చూసి అలాంటి నిర్లక్ష్యానికీ క్షణం కన్ను మరలడానికీ తేడా చెప్పగల జ్ఞానం వీధి గుంపుకు ఉండదు.

మరి బిడ్డను ఎవరు చూడాలి? ఈ విషయంలో బంగ్లాదేశ్ మనకంటే ముందు నడిచింది. అక్కడ చిన్నపిల్లలు ఎక్కువగా ఉదయం 9 నుంచి మధ్యాహ్నం 1 లోపు, ఇంటికి దగ్గర్లోని నీళ్లలోనే మునిగిపోతున్నారని గమనించారు. తల్లులు పనిలో మునిగి ఉండే వేళ అది. ఆ వేళకు సరిపడా పల్లెల్లోనే ‘ఆంచల్’ అనే శిశు కేంద్రాలు పెట్టారు. ఊరి ఆడమనిషికే శిక్షణ ఇచ్చి పిల్లలను ఆమె దగ్గర ఉంచుతారు. అలా ఉన్న పిల్లల్లో మునిగి చనిపోయే ప్రమాదం బాగా తగ్గింది. బడి ఈడు రాని పిల్లలకు పగటి సంరక్షణ, నీళ్లకు అడ్డుకంచె ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసుల్లోనూ ఉన్నాయి.

మన దగ్గర అంగన్‌వాడీ 1975 అక్టోబర్ 2 నుంచే ఉంది. అయితే రోజూ కేంద్రంలో కూర్చోబెట్టేది మూడేళ్లు నిండిన పిల్లలను. అంతకంటే చిన్నవాళ్లకు ఒడిశాలో ఇంటికి ఛతువా అనే పోషక పిండి పొట్లం ఇస్తారు, బిడ్డను మాత్రం ఉంచుకోరు. నీళ్లకు ఎక్కువ బలయ్యేది ఆ అడుగులు నేర్చే వయసే. 2005 నాటి ఉపాధి హామీ చట్టం, పనిచోట చిన్నపిల్లలు ఐదుగురు ఉంటే వాళ్లను చూడటానికి ఒక మహిళను కూలి ఇచ్చి పెట్టాలంది. పనిచోట కూలీలను చూసుకునే మేట్లు ఎంతమంది దాన్ని పట్టించుకున్నారో గజపతి జిల్లా కూలి ఆడవాళ్లను అడిగితే చెబుతారు. 2006లో మొదలైన శిశు కేంద్రాల పథకం పేర్లు మార్చుకుంటూ 2022లో మిషన్ శక్తి కింద ‘పాల్నా’ అయింది. ఆరు నెలల నుంచి ఆరేళ్ల దాకా పిల్లలను పగలు ఉంచుకోవాలన్నది దాని ఉద్దేశం. తీరపు పల్లెలకు ఇదే కావాలి, అదీ వేట ముగిసి పడవలు ఒడ్డుకు వచ్చే వేళకు తలుపు తెరిచి ఉండేలా.

ఇంకో సంగతి చాలా ఇళ్లకు తెలియదు. పిడుగు, వడదెబ్బ, పాముకాటు లాగే నీట మునిగి చనిపోవడాన్ని కూడా ఒడిశా ప్రభుత్వం రాష్ట్ర ప్రత్యేక విపత్తుగా ప్రకటించింది. బాధిత కుటుంబానికి 4 లక్షల రూపాయల సాయం ఉంది. అంటే ప్రభుత్వం కాగితం మీద దీన్ని విపత్తు అనే ఒప్పుకుంది. ఆ సాయానికి పోలీసు స్టేషన్‌లో అసహజ మరణం కింద నమోదు కావాలి, పోస్ట్‌మార్టం కావాలి, తహసీల్దారు విచారణ జరగాలి. ఊరి నింద పనిచేసేది సరిగ్గా ఇక్కడే. స్టేషన్ మెట్లెక్కితే తననే నిందితురాలిగా చూస్తారన్న భయం ఆ తల్లిని ఆపేస్తుంది. చుట్టాలు కూడా “ఎందుకొచ్చిన గొడవ” అని సాయంత్రానికే మట్టి చేసేస్తే ఆ చావు ఏ లెక్కలోకీ రాదు. లెక్కలోకి రాని చావుకు సాయం ఉండదు, ఆ గుంత పూడ్చమని అడిగే కాగితం కూడా పుట్టదు. తహసీల్దారు విచారణలో గుంత ఎవరు తవ్వారు, దడి ఉందా, ఆ ఊళ్లో మూడేళ్ల లోపు బిడ్డను పగలు ఉంచే చోటు ఉందా అన్న మూడు ప్రశ్నలు తప్పనిసరి చేయాలి. వాటి జవాబులు పంచాయతీ సభలో చదివి వినిపించాలి.