ఉల్లిపాయల సంచీ, గెయికో వేసవి కిమోనో

ఉల్లిపాయలు వచ్చే వల సంచీ ఒకటి వెలుతురుకు పట్టి చూడండి. అల్లిన రకం కాదు, నేసినది కావాలి. నిలువు పోగులు జంటలు జంటలుగా ఉంటాయి. ప్రతి జంటా మెలి తిరిగి అడ్డ పోగును కరిచి పట్టుకుంటుంది. ఆ మెలిక లేకపోతే నాలుగు గడ్డలు వేయగానే కన్నాలు సాగి ఉల్లిపాయలు జారిపోతాయి. జపాన్‌లోని క్యోటోలో, ఆటపాటలతో అతిథులను అలరించే కళాకారిణులైన గెయిషాలు జులై, ఆగస్టుల్లో కట్టే పట్టు కిమోనోలోనూ ఉన్నది ఇదే మెలిక. అక్కడ వాళ్లను గెయికో అంటారు, ఇంకా నేర్చుకుంటున్న అమ్మాయిలను మైకో అంటారు.

అంత ఉక్కలో పట్టేమిటి, పైగా పొర మీద పొరేమిటి అని చాలామందికి సందేహం. క్యాలెండరు సంగతి క్లుప్తంగా: అక్టోబరు నుంచి మే దాకా అస్తరు వేసినది, జూన్, సెప్టెంబరుల్లో అస్తరు లేనిది, నడి వేసవి రెండు నెలలూ గాలి ఆడే పలచటి నేత. అసలు విషయమంతా ఆ నేతలోనే ఉంది.

బట్ట చల్లగా ఉండాలంటే పోగులు ఎడంగా ఉండాలి. మామూలు సాదా నేతలో ఎడం పెడితే పేక, అంటే అడ్డ పోగులు జారి ఒకచోట కుప్పపడతాయి, ఇంకోచోట చిల్లు తేలుతుంది. అందుకే పడుగును, అంటే నిలువు పోగులను, రెండేసి పోగుల జంటలుగా తీసుకుంటారు. ఒకటి స్థిరంగా ఉండే పోగు, రెండోది దాని కిందుగా అటూ ఇటూ దాటే మెలి పోగు. రెండో పోగు ఈ పక్కన పైకి లేచినప్పుడు ఒక పేక పడుతుంది. తర్వాత అది స్థిర పోగు కిందుగా దాటి ఆ పక్కన లేస్తుంది, ఇంకో పేక పడుతుంది. ఈ రెండు పేకల మధ్య మెలిక అడ్డు ఉంటుంది కాబట్టి ఎంత గట్టిగా కొట్టినా అవి కలవవు. అదే కన్నం.

ప్రతి పేకకూ ఇలా మెలిక వేస్తే అది ‘షా’. కొన్ని పేకలు సాదాగా నేసి, ఆపై ఒక మెలిక వేస్తే ‘రో’. రోలో మూడు, ఐదు లేదా ఏడు పేకలకొక మెలిక పడుతుంది, ఎప్పుడూ బేసి సంఖ్యే. శకునమనో శుభమనో అనుకోకండి, ఇది శుద్ధ లెక్క. మెలికకు ముందు పేకమీదా, తర్వాతి పేకమీదా మెలి పోగు పైనే ఉంటే తాళం గట్టిగా పడుతుంది. సాదా నేతలో అది పైన, కింద, పైన అని మారుతుంది. పైన మొదలై పైనే ముగియాలంటే పేకలు బేసిగా ఉండక తప్పదు. కాగితం మీద మూడు గీతలు గీసి చూస్తే ఒక్క నిమిషంలో తేలిపోతుంది. బడిలో సరి, బేసి చెప్పేటప్పుడు ఈ ఉదాహరణ ఎవరూ ఎందుకు వాడరో!

లోపల వేసుకునే తెల్లటి జుబాన్ కూడా రో నేతదే. రెండు దోమతెరలు ఒకదాని మీద ఒకటి పడితే కదిలే అలల్లాంటి చారలు కనిపిస్తాయి కదా, నడిచేటప్పుడు ఇక్కడా అదే జరుగుతుంది. చూసేవాళ్ల కంటికి నీటి తళుకు.

చెడేది ఎక్కడంటే, కూర్చునే చోట. మోకాళ్ల మీద కూర్చుని లేస్తుంటే నడుము కింద కుట్టు దగ్గర పోగులు పక్కకు లాగుకుపోతాయి. మెలిక పేకను ఆపుతుంది గానీ కుట్టు లాగుడును ఆపలేదు. అందుకే లోపలివైపు అక్కడ అదనపు గుడ్డ కుడతారు. రెండో శత్రువు చెమట. పట్టు మీద మరక పడుతుంది, ముడతల క్రేప్ రకమైతే తడికి కుంచించుకుపోతుంది. విప్పగానే మడతపెట్టకుండా గాలికి వేలాడదీయాలి.

తల మీద కూడా ఋతువు మారుతుంది. గెయికో సిగలో చలికాలపు పగడపు గుండు జూన్ నుంచి సెప్టెంబరు దాకా పచ్చటి జేడ్ రాతి గుండుగా మారుతుంది. జేడ్ చలువ చేస్తుందని కాదు. రాయి ముట్టుకుంటే చల్లగా తోచడానికి కారణం అది వేలి వేడిని చకచకా లాగేసుకోవడం. విగ్గులో గుచ్చిన గుండు చర్మాన్నే తాకదు. చలువంతా రంగుదే.

మైకోలు తలలో పెట్టుకునే పట్టుగుడ్డ పూలు మాత్రం నెలనెలా మారతాయి: జూన్‌లో విల్లో కొమ్మలు, జులైలో విసనకర్రలు, ఆగస్టులో రెల్లు లాంటి గడ్డి. రెండు మూడు సెంటీమీటర్ల పట్టు చతురస్రాన్ని పట్టకారుతో మడిచి, పలకపై పరిచిన అన్నపు జిగురులో నిలబెడతారు. అడుగు జిగురు పీల్చుకున్నాక తీసి దిమ్మ మీద రేకు పక్కన రేకుగా పేరుస్తారు. తొందరపడితే మడత విచ్చుకుంటుంది, ఆలస్యమైతే జిగురు పైకి పాకి పట్టు మెరుపు పోతుంది. ఈ జిగురు ఆరేలోపు రేకును జరిపి సరిచేయవచ్చు. కానీ నీటికి కరుగుతుంది కాబట్టి వాన చినుకు పడితే రేకులు ఊడిపోతాయి.