నీలకంఠ రొయ్య గుడ్లకు ఎలాంటి నీళ్లు కావాలి?

శ్రీకాళహస్తి

చిరంజీవులైన మనవలకు, మనవరాళ్లకు తాతయ్య ఆశీస్సులు.

మొన్న సూళ్లూరుపేట చేపల అంగడిలో నీలకంఠ రొయ్య పొట్ట కింద నారింజ రంగు గుత్తి చూసి అదేమిటని అడిగారు. ఆ రద్దీలో సరిగా చెప్పలేకపోయాను. అవి గుడ్లు. ఒక్కొక్కటి గసగసాల గింజకన్నా చిన్నది. తల్లి వాటిని పొట్ట కింది కాళ్లకు అంటించుకుని, సుమారు 20 రోజులు ఆ కాళ్లు ఆడిస్తూనే ఉంటుంది. లోపలి పిల్లలకు ప్రాణవాయువు అందేది ఆ కదలికతోనే. సొన తరిగేకొద్దీ నారింజ రంగు వెలిసిపోతుంది, రెండు నల్లని చుక్కలు కనిపిస్తాయి. అవే కళ్లు! చివరికి గుడ్లు బూడిద రంగుకు తిరుగుతాయి.

కోడిగుడ్డుకు గట్టి పెంకు ఉంది. దీనికి ఉన్నది పలుచని పొర. నీళ్లలో కరిగినవి కొన్ని ఆ పొర దాటి పిల్లదాకా పోతాయి.

నేను రొయ్య పిల్లలను పుట్టించి పెంచే హేచరీలో పనిచేసే రోజుల్లో ఒక తల్లి రొయ్య తన నారింజ గుత్తిలోంచి తెల్లబడిన గుడ్లను సన్నని కాళ్లతో ఒక్కొక్కటే ఏరి పారేయడం చూశాను. ఆ దృశ్యం ఇప్పటికీ మనసును పిండుతుంది. తప్పు నాదే. మిగిలిన మేత కుళ్లి అమ్మోనియా పుట్టింది. నీళ్ల ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే అంకె పీహెచ్. అది 7 దగ్గర ఉంటే అమ్మోనియాలో విషపు రూపం వందలో ఒక వంతు కూడా ఉండదు. 28 డిగ్రీల నీళ్లలో పీహెచ్ 9కి చేరితే ఆ విషపు రూపం వందలో 40 వంతులవుతుంది. ఎండలో నాచు నీళ్లలోని బొగ్గుపులుసు వాయువును లాగేసుకుంటుంది కాబట్టి మధ్యాహ్నానికి పీహెచ్ ఎగబాకుతుంది. నేను పొద్దున మాత్రమే చూసి, బాగానే ఉందనుకున్నాను.

మన బోరు నీళ్లలో పప్పు ఉడకదని అమ్మమ్మ కుళాయి నీళ్లు పట్టుకుంటుంది కదా, అందుకు కారణమైన సున్నం రొయ్యకు కొంత కావాలి, దాని డొల్ల తయారయ్యేది దానితోనే. మితిమీరితే మాత్రం ఒంటిమీద గారలా పేరుకుంటుంది. కుళాయి నీళ్లలోనేమో క్లోరిన్ ఉంటుంది. తొట్టిలో పోసి, గాలి బుడగలు పెట్టి, అది పోయాకే వాడాలి.

ఇంకో వింత. గుడ్లు మంచినీళ్లలో ఎదుగుతాయి, గుడ్లలోంచి బయటికొచ్చిన పిల్లలు మాత్రం వాటిలో కొద్ది రోజులకే చనిపోతాయి. వాటికి లీటరుకు 12 గ్రాముల దాకా ఉప్పు కావాలి. సముద్రంలో ఉండేది 35 గ్రాములు. అందుకే తల్లి నది, కడలి కలిసే చోటికి దిగి వస్తుంది.

సంక్రాంతి సెలవులకు వచ్చినప్పుడు మిద్దెమీది పచ్చబడిన తొట్టిలో పొద్దున ఆరింటికి ఒకసారి, మధ్యాహ్నం మూడింటికి ఒకసారి పీహెచ్ చూద్దాం. పరీక్ష కాగితాలు తెచ్చిపెట్టాను.

మీ తాతయ్య