బర్నర్ స్విచ్ లోపల ఏం జరుగుతుంది?

ఎలక్ట్రిక్ స్టవ్ నాబ్‌ను తగ్గిస్తే కాయిల్‌లోకి కరెంటు కూడా సన్నగా వెళుతుందని చాలామంది అనుకుంటారు. సాధారణ కాయిల్ స్టవ్‌లలో జరిగేది అది కాదు. కాయిల్‌కు అందితే పూర్తి కరెంటు అందుతుంది, లేదంటే అసలు అందదు. నాబ్ మార్చేది కరెంటు పారే సమయాన్ని మాత్రమే. నాబ్‌ను మధ్యలో ఉంచి కాసేపు చెవి ఒగ్గి వింటే, లోపల టిక్కుమనే చిన్న చప్పుడు ఆగి ఆగి వినిపిస్తుంది.

ఆ చప్పుడు ద్విలోహ పట్టీది. వేడికి వేరువేరు మోతాదుల్లో వ్యాకోచించే రెండు లోహపు రేకులను కలిపి అతికిస్తే, వేడెక్కినప్పుడు ఆ పట్టీ తక్కువ సాగే లోహం వైపు వంగుతుంది. ఓడల్లో వాడే గడియారాలు వేడికీ చలికీ తప్పు చూపకుండా 18వ శతాబ్దంలో జాన్ హారిసన్ ఆశ్రయించిన ఉపాయమే ఇది. స్టవ్ స్విచ్‌లో ఈ పట్టీని ఆనుకుని ఒక చిన్న హీటర్ ఉంటుంది. కాయిల్‌తో పాటే అదీ వేడెక్కి, పట్టీని వంచి, కాంటాక్టులను, అంటే ఒకదానికొకటి తగిలినప్పుడు కరెంటును పారనిచ్చే లోహపు బిళ్లలను, విడదీస్తుంది. చల్లారగానే అవి మళ్లీ కలుస్తాయి. పట్టీ ఎంత వంగితే కాంటాక్టులు విడిపోవాలో నాబ్ కింది క్యామ్ (నాబ్‌తో పాటు తిరిగే, అంచు ఎత్తుపల్లాలుగా ఉండే చిన్న చక్రం) నిర్ణయిస్తుంది.

విడిపోయిన ప్రతిసారీ కాంటాక్టుల మధ్య సన్నని నిప్పురవ్వ లేస్తుంది. వేల సార్లు అలా జరిగాక వెండి మిశ్రమపు పూత గుంటలు పడి, అక్కడ నిరోధం పెరుగుతుంది. అది 0.1 ఓమ్‌కు చేరితే చాలు, 10 ఆంపియర్ల కరెంటుకు ఆ చిన్న చోటే 10 వాట్ల వేడి పుడుతుంది. ఇంకా చెడ్డది, కాంటాక్టులు కరిగి ఒకదానికొకటి అంటుకుపోవడం. అప్పుడు నాబ్ ఎంత తగ్గించినా కాయిల్ ఎర్రగా మండుతూనే ఉంటుంది. అసలు వెలగని బర్నర్ కన్నా ఇదే ప్రమాదకరం కాబట్టి, స్విచ్ మార్చేదాకా ఆ బర్నర్‌ను వాడకూడదు. గరుకు కాగితంతో కాంటాక్టులు రుద్ది సరిపెట్టడం కూడా మంచిది కాదు, మిగిలిన ఆ కాస్త పూతా పోతుంది.

అయితే తప్పు స్విచ్‌దేనని ముందు తేల్చుకోవాలి. ఊడదీసే రకం కాయిల్ అయితే, స్టవ్ పూర్తిగా చల్లారాక సరఫరా ఆపి, అదే కొలత గల పక్క బర్నర్ కాయిల్‌ను ఇక్కడ, ఇక్కడి కాయిల్‌ను అక్కడ పెట్టి చూడాలి. లోపం కాయిల్‌తో పాటు పక్కకు వెళితే స్విచ్ నిర్దోషి. లోపం అక్కడే ఉండిపోతే స్విచ్‌నో, కాయిల్ సాకెట్‌నో అనుమానించాలి. నిరోధం కొలిచే మల్టీమీటర్ ఉంటే ఇంకా తేలిక: 230 వోల్టులపై పనిచేసే 1500 వాట్ల కాయిల్ సుమారు 35 ఓమ్‌లు చూపాలి.

స్విచ్ మార్చే పని మొదలుపెట్టే ముందు నాబ్ ఆఫ్ చేస్తే సరిపోదు. స్టవ్‌కు వచ్చే సరఫరానే బ్రేకర్ దగ్గర ఆపి, వైర్లలో కరెంటు లేదని మీటర్‌తో నిర్ధారించుకోవాలి. దీనిపై ఏమాత్రం సందేహం ఉన్నా ఎలక్ట్రీషియన్‌ను పిలవడమే సరైన పని. కొత్త స్విచ్ వోల్టేజి, ఆంపియర్ల పరిమితి పాతదానితో సరిపోవాలి. వైర్లన్నీ ఒకేసారి పీకకుండా, ఫోటో తీసుకుని, ఒక్కొక్కటిగా పాతదాని నుంచి కొత్తదానికి మార్చాలి. స్విచ్ మీద ఉండే ఎల్1, హెచ్1 వంటి గుర్తులనే అనుసరించాలి తప్ప స్థానాన్ని కాదు, ఎందుకంటే తయారీని బట్టి టెర్మినళ్ల (వైర్లు తగిలించే చోట్ల) వరుస మారవచ్చు.

చాలామంది వదిలేసేది వైరు కొసను. అది నల్లబడి, పైతొడుగు పెళుసుగా మారి ఉంటే, మెరిసే రాగి కనిపించేదాకా కత్తిరించి, వేడిని తట్టుకునే కొత్త కనెక్టర్‌ను గట్టిగా నొక్కి బిగించాలి. వదులు కనెక్టర్ మీద పెట్టిన కొత్త స్విచ్ కూడా కొన్నాళ్లకే కాలిపోతుంది. అన్నీ బిగించి, మూత పెట్టి, సరఫరా ఇచ్చాక నాబ్‌ను సగానికన్నా తక్కువలో ఉంచి కాసేపు గమనించాలి. కాయిల్ వేడెక్కి, లోపల టిక్కుమని, మళ్లీ కాసేపటికి టిక్కుమంటే కొత్త పట్టీ వంగుతూ, తిరిగి నిటారవుతూ ఉన్నట్టే.