ఓబీ గుట్ట పచ్చబడితే అడవి తిరిగొచ్చినట్టేనా? అపోహలు - వాస్తవాలు

రామగుండం, శ్రీరాంపూర్, మణుగూరు, భూపాలపల్లి వైపు వెళ్లినవాళ్లు ఓబీ (ఓవర్‌బర్డెన్) గుట్టలు చూసే ఉంటారు. ఓపెన్‌కాస్ట్ గనుల్లో బొగ్గు మీదున్న మట్టీ రాయీ తవ్వి పోయగా లేచిన గుట్టలవి. వాటి మీద మొక్కలూ గడ్డీ ఏ మేరకు నిలదొక్కుకున్నాయో కొలవడం నా పని. ఎక్కడికెళ్లినా కొన్ని మాటలు మళ్లీ మళ్లీ వినిపిస్తాయి. వాటి గురించే ఈ పోస్టు.

అపోహ: గుట్ట పచ్చగా ఉందంటే కోలుకున్నట్టే.

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసే మాట ఇదే. ఉపగ్రహ చిత్రాల్లో పచ్చదనాన్ని ఎన్‌డీవీఐ అనే సూచీతో కొలుస్తాం. ఆకు ఎర్ర కాంతిని పీల్చుకుని, కంటికి కనపడని పరారుణ కాంతిని వెనక్కి పంపుతుంది. ఆ రెండింటి తేడా మీద నడిచే లెక్క ఇది. సెంటినెల్-2 చిత్రంలో ఒక్కో గడి 10 మీటర్లు. ఆ గడిలో ఉన్నది నల్లమద్దో, లాంటానా పొదో సూచీ చెప్పదు.

ఇంకో సంగతి. ఈ ప్రాంతపు సహజమైన అడవి ఆకు రాల్చే అడవి. ఏప్రిల్ నాటికి టేకు, మద్ది మోడులై నిలబడతాయి. గుట్ట మీద నాటిన ఆస్ట్రేలియా తుమ్మ, నీలగిరి మాత్రం ఏడాది పొడుగునా పచ్చగానే ఉంటాయి. దాంతో వేసవి చిత్రంలో పక్కనున్న అసలు అడవి కంటే గుట్టే ఆరోగ్యంగా కనిపిస్తుంది! అందుకే నేను వానాకాలం చివర ఒకటి, ఎండాకాలంలో ఒకటి తీసుకుని, పక్క అడవి మారినట్టే గుట్టా మారుతోందా అని చూస్తాను. గడ్డి ఎండినా చిత్రంలో ఆకు రాలినట్టే కనిపిస్తుంది కాబట్టి ఆ తర్వాత కాలినడకన ఎక్కాల్సిందే.

అపోహ: నాటినవాటిలో ఎక్కువ బతికితే పని అయిపోయినట్టే.

చచ్చినచోట మళ్లీ నాటినవి కూడా ఆ శాతంలో కలిసిపోతుంటాయి. సరే, అన్నీ బతికాయనే అనుకుందాం. వాటి కింద ఏం మొలుస్తోంది?

లెక్కపెట్టడానికి నేల మీద చెట్లకు 10 మీటర్ల గడి, పొదలకు 5 మీటర్లది, గడ్డికి, చిన్న మొలకలకు 1 మీటరుది వేస్తాం. ఆ మీటరు గడి దగ్గర గొంతుక్కూర్చుంటే చాలా తెలుస్తుంది. ఆస్ట్రేలియా తుమ్మ కింద ఆకులు చివక్కుండా పొరలు పొరలుగా పడి ఉంటాయి. తీస్తే కింద బూడిదరంగు రాతి పెళ్లలు. సుబాబుల్ కింద మొలకలు ఒత్తుగా ఉంటాయి కానీ అన్నీ సుబాబులే. ఒకచోట మాత్రం పిగిలిపిట్టలు వాలే కొమ్మ కింద ఎవరూ నాటని వేప మొలకలు మూడు, ఒక రేగు మొక్క కనిపించాయి. అవి చూస్తే ఎండలో ఎక్కిన అలసటంతా పోయింది.

అపోహ: ఆర్గానిక్ కార్బన్ పెరిగితే నేల బాగుపడినట్టే.

ఆకులూ వేర్లూ కుళ్లి నేలలో చేరిన కార్బన్‌ను చెప్పే అంకె ఇది. బొగ్గు గనుల దగ్గర దీన్ని గుడ్డిగా నమ్మకూడదు. మొదట్లో నేనూ నమ్మాను. మూడేళ్ల గుట్ట నుంచి తెచ్చిన మట్టిలో పక్క అడవి కంటే ఎక్కువ కార్బన్ వచ్చింది. సంబరపడి రిపోర్టులో రాసేశాను కూడా. తర్వాత మిగిలిన మట్టిని తెల్ల కాగితం మీద పోసి భూతద్దం పెడితే నల్లటి నలుసులు మెరిశాయి. బొగ్గు! నేలలో కార్బన్ కొలిచే మామూలు వాక్లీ-బ్లాక్ పరీక్షలో ఆ బొగ్గు కొంత ఆకుల ఎరువు లెక్కలోకే పోతుంది. ఆ పేజీ మళ్లీ రాశాను. ఇప్పుడు కార్బన్‌తో పాటు నీరు ఎంత త్వరగా ఇంకుతోందో, వానపాముల మట్టి కనిపిస్తోందో లేదో కూడా రాసుకుంటాను.

అపోహ: పైమట్టి పరిస్తే చాలు.

ఎప్పుడు తీసిన పైమట్టి అన్నది ముఖ్యం. విత్తనాలు ఎక్కువగా పైనున్న కొద్ది సెంటీమీటర్లలోనే ఉంటాయి. ఏళ్ల తరబడి ఎత్తుగా కుప్ప పోసి ఉంచితే అవీ, వేర్లకు సాయపడే బూజులూ చాలావరకు చచ్చిపోతాయి. తీసిన వెంటనే పరిచిన మట్టికి సాటి లేదు.

అపోహ: నాలుగు చోట్ల చూస్తే గుట్టంతా చూసినట్టే.

ఆ నాలుగు చోట్లూ ఎవరు ఎంచారు? ఒక సర్వేలో మమ్మల్ని వరసగా రోడ్డు పక్కన, నీళ్ల ట్యాంకర్ అందే చోట్లకే తీసుకెళ్లారు. అప్పటినుంచి బయల్దేరే ముందే పటం మీద పాయింట్లు గుర్తు పెట్టుకుంటున్నాను. అవి వాలు మధ్యలో పడినా, బోడిగా ఉన్నచోట పడినా అక్కడే గడి వేస్తాను.

అపోహ: ఊళ్లోవాళ్లకు ఇవన్నీ ఏం తెలుస్తాయి?

తునికాకు ఏరే ఒక పెద్దమ్మను, ఈ గుట్ట మీద ఆకు దొరుకుతుందా అని అడిగాను. "ఈడ తునికాకు లేదు బిడ్డా. అటు దిక్కు మోదుగ లేస్తున్నది, రా సూపిస్త" అంది. నా పాయింట్లలో ఒక్కటీ అటువైపు పడలేదు. ఆమె వెనకే ఎక్కాను. మోకాలెత్తు మోదుగ మొక్కలు ఏడున్నాయి.